ల్యాబ్ ప్రోగ్రాములు దిద్దేదెలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కంప్యూటర్ ల్యాబ్‌లో విద్యార్థులు రాసే ప్రోగ్రాములకు మార్కులు వేయడం గురించి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

మొదటి సంవత్సరం బీటెక్ వాళ్లకు సీ ల్యాబ్ చెబుతాను. అవుట్‌పుట్ వస్తే పదికి పది, రాకపోతే రెండో మూడో వేసే అలవాటు మాది. బట్టీ పట్టి టైపు చేసినవాళ్లు పది కొట్టేస్తున్నారు. సొంతంగా ఆలోచించినవాళ్లు ఒక్క గుర్తు తప్పి నష్టపోతున్నారు. రూబ్రిక్ (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక) తయారుచేయమంటున్నారు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?
– అధ్యాపకురాలు, భీమవరం

పట్టిక గీయడంతో మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న ఏం నేర్పడానికి ఇచ్చారో ముందు నాలుగు ముక్కల్లో రాసుకోండి. ఆ సంగతి ఒంటబట్టనివాళ్లు ఏ తప్పు చేస్తారో దాని పక్కన రాయండి. మార్కుల పట్టిక పుట్టేది ఈ రెండో వరసలోంచే.

అందరూ ఇచ్చే కరెంటు బిల్లు ప్రశ్నే తీసుకుందాం. మొదటి 50 యూనిట్లకు రెండేసి రూపాయలు, తర్వాతి 50కి మూడేసి, వంద దాటిన వాటికి ఐదేసి (లెక్క కోసం అనుకున్నవే, డిస్కం రేట్లు కావు). ఇందులో పెద్ద తప్పు, మొత్తం యూనిట్లను ఒకే రేటుతో గుణించేయడం. 75 యూనిట్లకు 175 రావాలి, వాళ్లకు 225 వస్తుంది. 150కి 500 రావాల్సింది 750 వస్తుంది. శ్లాబు అంటే ఏమిటో తెలియక చేసిన తప్పు ఇది. దీనికీ, సెమికోలన్ మరిచిపోవడానికీ ఒకే శిక్ష వేయడంలో న్యాయం లేదు.

రెండో తప్పు 50, 100 దగ్గర, సరిహద్దుల్లో. ఇక్కడ ప్రశ్న ఇచ్చేవాళ్లే బోల్తాపడుతుంటారు. విద్యార్థి <= బదులు < రాశాడనుకోండి. 50 యూనిట్లు రెండో శ్లాబు సూత్రంలోకి పోతాయి: 100 + (50 − 50) × 3. జవాబు మళ్లీ వంద రూపాయలే! సరిహద్దులకు నాలుగు మార్కులు పెట్టుకున్నా మీ టెస్టు ఆ తప్పును పట్టుకోలేదు. ఆ నాలుగూ అందరికీ ఊరికే పోతాయి. ప్రశ్ననే కొంచెం మార్చాలి: 50 యూనిట్ల దాకా 25 రూపాయల స్థిర ఛార్జీ, వంద దాకా 40, ఆపైన 60 అని కలపండి. ఇప్పుడు 50 యూనిట్లకు 125 రావాలి. < రాసినవాళ్లకు 140 వచ్చి దొరికిపోతారు.

మూడోది, రెండో షరతును ‘50 కంటే ఎక్కువ, 100 కంటే తక్కువ’ అనీ, మూడోదాన్ని ‘100 కంటే ఎక్కువ’ అనీ రాసి, సరిగ్గా 100ని ఎటూ కాకుండా వదిలేయడం. అప్పుడు బిల్లు వేరియబుల్‌కు విలువే అందదు. సీలో విలువ ఇవ్వని లోకల్ వేరియబుల్‌లో ఏముంటుందో చెప్పలేం. ఒక మెషీన్‌లో సున్నా రావచ్చు, పక్కదాంట్లో పెద్ద అంకె రావచ్చు. ‘నా సిస్టంలో సరిగ్గానే వచ్చింది సార్’ అనేది ప్రతిసారీ అబద్ధం కాదు.

ఇక 20 మార్కులు పంచుదాం. శ్లాబు లెక్కకు 8: స్థిర ఛార్జీతో కలిపి 25, 75, 150 యూనిట్లకు 75, 215, 560 రావాలి. మూడూ వస్తే 8, మొదటి రెండే వస్తే 5, మొదటిదొక్కటే అయితే 2. సరిహద్దులకు 4: 50, 51, 100, 101కి వరసగా 125, 143, 290, 315, ఒక్కోదానికి ఒకటి. మైనస్ రీడింగు ఇస్తే ఒప్పుకోకుండా ఉండడానికి 2. లెక్క వేరే ఫంక్షన్‌లో రాసి, రేట్లన్నీ ఒకేచోట పెట్టినందుకు 4. చదవడానికి వీలుగా ఉంటే 2.

ఇంతటితో పట్టిక అయిపోయిందనుకోవద్దు. తరగతికి ఇచ్చే ముందు ఈ ప్రశ్నకు మూడు ప్రోగ్రాములు మీరే రాసి దిద్దండి: అంతా ఒకే రేటుతో గుణించినది, రెండు సరిహద్దుల్లోనూ < వాడినది, అవుట్‌పుట్ సరైనదే కానీ మొత్తం మెయిన్‌లోనే కుక్కినది. మిగతా వరసలన్నీ సరిగా ఉన్నాయనుకుంటే, పై పట్టిక ప్రకారం మొదటిదానికి 2 + 1 + 2 + 4 + 2, అంటే 11 వస్తాయి. శ్లాబే అర్థం కానివాళ్లకు సగం దాటి మార్కులు! రెండోదానికి 18, మూడోదానికి 16. అంటే పట్టిక తప్పు. శ్లాబు లెక్కను 10కి పెంచి (మూడూ వస్తే 10, రెండైతే 6, ఒకటైతే 2) ఫంక్షన్‌ను 2కి దించండి. ఇప్పుడు మొదటిదానికి 9, మిగతా రెండింటికీ 18. ఈ ప్రశ్న శ్లాబుల కోసం ఇచ్చిందైతే ఇదే సరైన వరస. ఫంక్షన్లు నేర్పే వారంలో ఇస్తే పాత పట్టికే మేలు కావచ్చు. అందుకే సెమిస్టర్ మొత్తానికి ఒకే రూబ్రిక్‌ను గంపగుత్తగా వాడడం మాకు నచ్చదు.

వరసలూ మార్కులూ ప్రశ్నతోపాటే విద్యార్థులకు ఇచ్చేయండి. టెస్టు విలువలు మాత్రం ఒకటి రెండు చూపించి మిగతావి దాచుకోండి. రికార్డులో ప్రోగ్రామంతా మళ్లీ చేత్తో రాయించే బదులు, ఇచ్చిన విలువ, రావాల్సింది, వచ్చింది అని మూడు గడుల పట్టిక రాయించండి. ఆ పేజీ చదివితే కాపీ ఎవరిదో, కష్టం ఎవరిదో కొంత తెలుస్తుంది.

కంపైల్ కాని ప్రోగ్రాముకు సున్నా అని మా దగ్గర నియమం. సబబేనా?
– పాలిటెక్నిక్ లెక్చరర్, కరీంనగర్

ఇంట్లో వారం రోజులు చేసుకొచ్చే అసైన్‌మెంటుకు సబబే, ముందే చెప్పి ఉంటే. గడియారం చూసుకుంటూ రాసే ల్యాబ్ పరీక్షకు మాత్రం గోటితో పోయేదానికి గొడ్డలి వాడినట్టు. ఎన్ని ఎర్రర్లు వచ్చాయని లెక్కపెట్టడమూ వృథా. సీలో ఒక్క బ్రాకెట్ పోతే డజను ఎర్రర్లు చూపిస్తుంది, మొదటిదాన్ని సరిచేస్తే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయి.

దిద్దేవారు రెండు లైన్ల వరకు సవరించవచ్చు, అందుకు మొత్తం 2 మార్కులు తగ్గుతాయి, ఆపైన అందరికీ నడిపిన టెస్టులే నడుస్తాయి అని నియమం పెట్టుకోండి. రెండు లైన్లతో కాకపోతే కోడ్‌ను కంటితో చదివి 20కి 8 మించకుండా వేయండి. విద్యార్థి ఇచ్చిన అసలు ఫైలు ముట్టుకోకుండా, కాపీలోనే సవరించండి. రేపు రీవాల్యుయేషన్ అడిగితే అది కావాలి.

పైథాన్‌కు ఈ నియమం కొంచెం మారుతుంది. వ్యాకరణ దోషం ఉంటే ఫైలులో మొదటి లైను కూడా నడవదు. వేరియబుల్ పేరు తప్పు రాస్తే మాత్రం ఆ లైను దాకా వెళ్లాకే ఆగుతుంది, కాబట్టి కొన్ని టెస్టులు నెగ్గుతాయి. ‘రన్ కాలేదు’ అని రాసే ముందు ఈ రెండింటిలో ఏదో చూడండి.

ఆన్‌లైన్ తరగతులు నడిపే మూడుల్‌లో ఆటోమేటిక్‌గా దిద్దే ఏర్పాటు చేశాం. కళ్లెదుట సరైన జవాబు కనిపిస్తున్నా మెషీన్ తప్పంటోంది. కొందరికేమో సగం ప్రోగ్రాముకే ఎనభై శాతం వేస్తోంది. లోపం ఎక్కడుంది?
– అసిస్టెంట్ ప్రొఫెసర్, హనుమకొండ

రెండు ఫిర్యాదులకూ కారణాలు వేరు. మెషీన్‌తో దిద్దించడం కొత్త సంగతేం కాదు. అమెరికాలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్‌లో జాక్ హోలింగ్స్‌వర్త్ పంచ్‌కార్డుల కాలంలోనే ఈ పని చేయించి 1960లో వ్యాసం రాశారు. అప్పటినుంచీ తిప్పలు దాదాపు ఇవే.

మొదటి ఫిర్యాదులో దోషి చాలాసార్లు ‘ఎంటర్ ద నంబర్’ అనే మాటే. విద్యార్థి స్క్రీన్ మీద మర్యాదగా అడుగుతాడు, మెషీన్ దాన్నీ జవాబులో భాగమే అనుకుంటుంది. పైథాన్‌లో ఇన్‌పుట్ బ్రాకెట్లలో రాసిన మాటలకూ ఇదే గతి. ‘ఇన్‌పుట్ అడుగుతూ ఏమీ ప్రింట్ చేయవద్దు’ అని ప్రశ్నలోనే రాసి, ఒక నమూనా అవుట్‌పుట్‌ను అక్షరం పొల్లుపోకుండా చూపించండి. అదనపు ఖాళీలు, పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడాలు పట్టించుకోని పోలిక, మూడుల్‌కు జోడించి ప్రోగ్రాములు దిద్దించే కోడ్‌రన్నర్‌లో ఉంది. ఆ ప్రశ్న నేర్పేది ఫార్మాటింగ్ కాకపోతే దాన్నే వాడండి.

తర్వాతిది దశాంశాలు. 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అని చూపిస్తుంది. రెండు స్థానాలకు ప్రింట్ చేయమంటే సరిపోతుందనుకుంటారు. అక్కడా గండమే: 2.675ని రెండు స్థానాలకు కుదిస్తే 2.67 వస్తుంది, ఎందుకంటే బైనరీలో ఆ సంఖ్య రవ్వంత తక్కువగా నిల్వ ఉంటుంది. గుణకారం ముందు చేశారా భాగహారం ముందు చేశారా అన్నదాన్నిబట్టి పైసా తేడా రావచ్చు. డబ్బు లెక్కల్లో 0.01 వరకు తేడా ఒప్పుకోండి.

రెండో ఫిర్యాదుకు మూలం టెస్టుల ఎంపిక. లీపు సంవత్సరం ప్రశ్నకు పది టెస్టులు పెట్టి, అందులో 1900 ఒక్కటే శతాబ్ది సంవత్సరమైతే, నాలుగుతో భాగించి ఊరుకున్నవాడికి 9 వస్తాయి. టెస్టులకు విడివిడిగా కాదు, గుంపులకు మార్కులు పెట్టండి. గుంపంతా నెగ్గితేనే మార్కులు. ఇంకో మెలిక కూడా ఉంది: ‘అవును, కాదు’ జవాబులున్న ప్రశ్నలో ఎప్పుడూ ‘కాదు’ అని ప్రింట్ చేసే ఒక్క లైను ప్రోగ్రాముకు సగం టెస్టులు నెగ్గుతాయి. కాబట్టి ప్రతి గుంపులోనూ రెండు జవాబులూ ఉండాలి. ఉదాహరణకు 2023, 2025, 1996, 2024 ఒక గుంపు, 3 మార్కులు. వాటికి 1900, 2100 కలిపితే రెండో గుంపు, ఇంకో 4. అందులోకి 2000, 1600 కూడా చేరిస్తే మూడోది, మరో 3. నాలుగుతో భాగించినవాడికి 3, వంద సంగతీ చూసినవాడికి 7, నాలుగు వందలదాకా వెళ్లినవాడికి 10. ఊరికే ‘కాదు’ అనేవాడికి సున్నా.

ఆగని లూపుల కోసం సమయ పరిమితి, అవుట్‌పుట్ పరిమాణానికి పరిమితి, రెండూ పెట్టండి. మీ సొంత ప్రోగ్రాము తీసుకునే సమయానికి ఐదు రెట్లు ఇస్తే చాలు.

శైలికి, కామెంట్లకు మార్కులు పెడితే ప్రతి లైనుకూ ‘ఐని ఒకటి పెంచుతున్నాం’ లాంటి కామెంట్లు రాసి తెస్తున్నారు. ఏం చేయాలి?
– ఎంసీఏ అధ్యాపకుడు, తిరుపతి

మీరు లెక్కపెట్టేదే వాళ్లు ఇస్తున్నారు! కామెంట్ల సంఖ్యకు మార్కు తీసేయండి. కోడ్ చూస్తే తెలియని సంగతి, అంటే ఈ షరతు ఎందుకు పెట్టారు, ఈ అంకె ఎక్కడిది అన్నది చెప్పే కామెంటుకే విలువ.

‘బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు’ అనే మూడు మెట్ల రూబ్రిక్ రూబ్రికే కాదు. ప్రతి మెట్టులోనూ కోడ్‌లో వేలుపెట్టి చూపగలిగే గుర్తు ఉండాలి. రెండు మార్కుల మెట్టు: వేరియబుల్ పేరు చూడగానే అందులో ఏముందో తెలుస్తుంది, ఒకే లెక్క రెండుచోట్ల రాయలేదు. ఒక మార్కు: పేర్లు తెలుస్తున్నాయి కానీ లెక్క రెండుచోట్ల ఉంది, లేదా ఒక్కసారే ఉన్నా పేర్లు తెలియడం లేదు. సున్నా: రెండూ లేవు. లైన్లు లోపలికి జరిపి రాయడానికి మార్కు దండగ. సీకి క్లాంగ్-ఫార్మాట్, పైథాన్‌కు బ్లాక్ లాంటి సాధనాలు క్షణంలో చేసిపెడతాయి, కాబట్టి అలా సర్దితేనే తీసుకుంటామనండి. అన్నట్టు, పైథాన్‌లో జరపడమంటే అలంకారం కాదు, తర్కమే.

వాటా ఎంత అంటారా? హార్వర్డ్ సీఎస్50 కోర్సులో చాలాకాలం సరైన ఫలితం, డిజైన్, శైలికి 3 : 2 : 1 నిష్పత్తి వాడారు. మొదటి సంవత్సరానికి శైలికి పదో వంతు మించనక్కర్లేదని మా అభిప్రాయం.

ఒకే ప్రోగ్రాముకు నాకు ఒక మేడమ్ 14 వేశారు, అలాంటిదే రాసిన నా స్నేహితుడికి ఇంకో సార్ 18 వేశారు. రూబ్రిక్ ఉన్నా ఇలా ఎందుకవుతుంది?
– బీటెక్ రెండో సంవత్సరం విద్యార్థి, గుంటూరు

రూబ్రిక్‌లోని మాటల్ని ఇద్దరూ ఒకేలా చదవకపోవడం వల్ల. ‘ఎర్రర్ హ్యాండ్లింగ్ ఉంది’ అంటే ఒకరికి మైనస్ సంఖ్యను ఆపడం, ఇంకొకరికి అక్షరాలు టైపు చేసినా ప్రోగ్రాము కూలిపోకుండా ఉండడం. మీరు చేయగలిగింది: మొత్తం కాకుండా వరసవారీ మార్కులు అడగండి. తేడా ఏ వరసలో ఉందో కనిపిస్తే మాట్లాడడం తేలిక.

మీ అధ్యాపకులు చదువుతుంటే వాళ్లకు: దిద్దడం మొదలుపెట్టే ముందు ఆరు ప్రోగ్రాములు తీసుకోండి, రెండు మంచివి, రెండు మధ్యరకం, రెండు బలహీనమైనవి. దిద్దేవాళ్లంతా విడివిడిగా మార్కులు వేసి వరసవారీగా పోల్చండి. మొత్తాలు పోలిస్తే మోసపోతారు, ఇద్దరూ 16 వేసినా ఒకరు తర్కంలో, ఇంకొకరు శైలిలో కోసి ఉండవచ్చు. ఏ వరసలోనైనా ఒకటి కంటే ఎక్కువ తేడా వస్తే ఆ వరస మాటలు మార్చాలి, మార్కులు సగటు చేసి సరిపెట్టకూడదు. తర్వాత ఒక్కో విద్యార్థిని మొత్తంగా కాకుండా, ఒక్కో వరసను అందరికీ దిద్దండి. రోల్ నంబర్లు కనిపించకుండా ఉంటే ఇంకా మేలు. ఒకే తప్పుకు రెండు వరసల్లో కోయడం చాలాచోట్ల చూస్తాం: ఫంక్షన్ రాయలేదని నిర్మాణంలో ఒకసారి, చదవడానికి బాగాలేదని మరోసారి. ఏ తప్పు ఏ వరసదో పట్టిక కిందే రాసుకోండి.

లింక్డ్ లిస్టుతో (ఒక్కో అంశం తర్వాతిదాని చిరునామా దాచుకునే గొలుసు) చేయమంటే అర్రేతో (పక్కపక్కనే ఉండే గడుల వరుస) చేసి సరైన అవుట్‌పుట్ తెచ్చారు. ఎన్ని మార్కులివ్వాలి?
– ల్యాబ్ ఇన్‌ఛార్జి, విజయనగరం

ప్రశ్నలో ‘లింక్డ్ లిస్టుతోనే’ అని ఉండి, పట్టికలో దానికో వరస ఉంటే, ఆ వరస మార్కులు పోతాయి, అంతే. వరస లేకపోతే ఈసారికి పూర్తి మార్కులిచ్చేయండి, పొరపాటు మీది. అవుట్‌పుట్ చూసి లోపల ఏముందో చెప్పలేం. వేగానికి మాత్రం టెస్టు పెట్టవచ్చు. లక్ష సంఖ్యల్ని బబుల్ సార్ట్‌తో సర్దితే సుమారు 500 కోట్ల పోలికలు, మెర్జ్ సార్ట్‌తో 17 లక్షల లోపే. రెండు సెకన్ల పరిమితి పెడితే తేడా దానంతటదే బయటపడుతుంది. పది సంఖ్యలతో పరీక్షిస్తే ఏదైనా ఒకటే.

ఏఐతో రాయించుకొస్తున్నారు, లేదంటే ఒకరిది ఇంకొకరు ఎత్తేస్తున్నారు. ప్రమాణాల్లోనే దీనికి విరుగుడు ఉందా?
– విభాగాధిపతి, అనంతపురం

కొంతవరకు ఉంది. ముందు కాపీ సంగతి. అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో ఉండగా అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేసిన మాస్ అనే సాధనం వేరియబుల్ పేర్లు మార్చినా, ఖాళీలు కలిపినా పోలికలు పట్టుకుంటుంది. మీరిచ్చిన నమూనా కోడ్‌ను బేస్ ఫైలుగా ఇవ్వడం మరిచిపోతే మాత్రం తరగతి మొత్తం దొంగల్లా కనిపిస్తుంది. ఇరవై లైన్ల ప్రోగ్రాముల మీద దాన్ని ప్రయోగించకండి. లీపు సంవత్సరాన్ని ఎవరు రాసినా అలాగే ఉంటుంది. మాస్ చూపేది పోలికే, నేరం కాదు. ఎవరు ఎవరిది తీసుకున్నారో మనిషే తేల్చాలి. ఏఐ రాసిందని శాతాల్లో చెప్పే సాధనాల్ని ఆధారంగా చూపి మార్కులు కోయడం ఇంకా ప్రమాదం.

విరుగుడు వైవాలో ఉంది, అయితే ‘పాయింటర్ నిర్వచనం చెప్పు’ లాంటి వైవాలో కాదు. విద్యార్థి తెచ్చిన ప్రోగ్రామునే తెరిపించి ఒక మార్పు చేయమనండి: 200 యూనిట్లు దాటితే రూపాయి అదనం, ఇప్పుడే కలుపు. తర్వాత ఒక లైను చూపించి, ఇది తీసేస్తే 100 యూనిట్లకు ఏం వస్తుందో నడపకుండా చెప్పమనండి. నాలుగు నిమిషాలు చాలు. అరవై మందికి నాలుగు గంటలు పడుతుంది కాబట్టి వారానికి ఇరవై మందిని పిలవండి, గంటా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఎవరి వంతు ఎప్పుడో ముందే చెప్పకండి.

కొందరు కోడ్ మార్కులను వైవా శాతంతో గుణిస్తారు. అది మాకు నచ్చదు. బెదిరి నోట మాట రాని పిల్ల, నిజంగా రాసినా సగం పోగొట్టుకుంటుంది. దానికి బదులు, చిన్న మార్పు కూడా చేయలేకపోతే కోడ్‌కు సగానికి మించి మార్కులు రావు అని ఒక గరిష్ఠ పరిమితి పెట్టండి. ఆ నియమం ప్రశ్నపత్రం మీదే ఉండాలి. తెలుగులో చెప్పినా తీసుకోండి. మీరు కొలుస్తున్నది ఇంగ్లీషు కాదు.

ఇక్కడి తెలుగు పిల్లలకు వారాంతాల్లో స్క్రాచ్ (తెర మీద బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు చేసే భాష) నేర్పుతున్నాం. పదేళ్లవాళ్లు. వీళ్ల ప్రాజెక్టులకు ఏ ప్రమాణాలు పెట్టాలి?
– స్వచ్ఛంద ఉపాధ్యాయురాలు, డల్లాస్

మార్కులు అక్కర్లేదు, మూడు ప్రశ్నలు చాలు: ప్రాజెక్టును మొదలుపెట్టే ఆకుపచ్చ జెండా రెండోసారి నొక్కినా మొదటిసారిలాగే మొదలవుతోందా? ఒకే బ్లాకుల వరుస పదిసార్లు పెట్టారా, రిపీట్ వాడారా? ఏ స్క్రిప్టు ఏం చేస్తుందో పిల్లలు చెప్పగలరా? మొదటిదాంట్లోనే సగం మంది ఆగిపోతారు, ఎందుకంటే తెర మీది పిల్లి బొమ్మ పోయినసారి ఆగినచోటే ఉండిపోతుంది. మొదట్లో దాన్ని తొలి స్థానానికి పంపే బ్లాకు పెట్టాలని అప్పుడే వాళ్లకు తెలుస్తుంది. డాక్టర్ స్క్రాచ్ అనే సాధనం ఒక్కో అంశానికి విడిగా మార్కులు వేసి ప్రాజెక్టుకు స్కోరు ఇస్తుంది. అది ప్రాజెక్టును నడిపి చూడదు, ఏ బ్లాకులు వాడారన్నదే చూస్తుంది. పనికిరాని బ్లాకులు లాగి పడేసి స్కోరు పెంచుకోవచ్చని పిల్లలు పది నిమిషాల్లో కనిపెట్టేస్తారు, కాబట్టి ఆ అంకె మీ దగ్గరే ఉంచుకోండి.